ఒంటి తుమ్ము

నాకీ తుమ్ములు పుట్టుకతో వచ్చినవి కావు, పెళ్ళితో వచ్చినవి. మా పుట్టిల్లు దొరవారిసత్రం దగ్గర, పులికాట్ ఒడ్డున. అక్కడ ఉన్నంతకాలం నాకు ముక్కు అనేది ఒకటుందని కూడా గుర్తుండేది కాదు. మైపాడు పక్కన పాళేనికి కోడలిగా వచ్చిన మొదటి మాఘమాసంలోనే మొదలైంది. మా ఇళ్ళకీ సముద్రానికీ మధ్య సరుగుడు తోట ఉంది. మావాళ్ళు సర్వితోపంటారు. చలి తగ్గే రోజుల్లో ఆ చెట్ల కొసలు ఎర్రబారి పూత పడుతుంది. గాలి ఇటు తిరిగిందంటే ఆ పుప్పొడంతా వచ్చి గడపల మీద, ఆరేసిన బట్టల మీద, నీళ్ళబిందెల మీద పడుతుంది. ఊరంతా దాన్ని ఊడ్చిపారేసి తమ పని తాము చూసుకుంటుంది. నాకు మాత్రం కళ్ళు దురదలు, అంగిట్లో గీరినట్టు బాధ, ముక్కు కారడం, ఆపైన తుమ్ములు.

తుమ్మితే తుమ్మింది, ఎవరికేం నష్టం అంటారు బయటివాళ్ళు. సముద్రం మీద చేపల వేటకు పోయేవాళ్ళ ఇంట్లో అలా కుదరదు. మగవాడు గడప దాటే వేళకి ఇంట్లో ఎవరైనా ఒక్కసారి తుమ్మితే అది ఒంటి తుమ్ము, అపశకునం. వెనక్కొచ్చి కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, కాసేపాగి బయల్దేరాలి. రెండుసార్లు తుమ్మితే జంట తుమ్ము, దానికి దోషం లేదు. ఈ పద్ధతి దేవుడు పెట్టాడో, పనీపాటా లేని ఏ మారాజు పెట్టాడో గానీ నా ముక్కుకి ఒకటీ రెండూ ఏం తెలుసు?

ఆ ఇంట్లో మేం ముగ్గురమే. మామ నేను రాకముందే జబ్బు చేసి పోయాడు. మా ఆయన, మా అత్త, నేను. మా ఆయన మరో నలుగురితో కలిసి ఒక పడవ మీద పోయేవాడు. మొదటి ఏడాది పూత కాలంలో ఆయన వారంలో నాలుగు రోజులు నా తుమ్ముకి వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఒడ్డున ఎదురుచూసేవాళ్ళు ఊరుకుంటారా? "ఏందన్నా, వొదిన ఇయ్యాల కూడా సైరన్ కొట్టిందా?" అని నవ్వేవాళ్ళు. సిగ్గుతో చచ్చేదాన్ని.

ఆయన మాత్రం దానికో ఉపాయం కనిపెట్టాడు. నేను ఒకసారి తుమ్మగానే తువ్వాలు కొస మెలితిప్పి నా ముక్కు దగ్గర ఆడించేవాడు. "ఇంకోటి తుమ్మవే తల్లీ, జత అయిపోద్ది, నేను పోతా" అనేవాడు. రెండోది వచ్చేది. "అదీ!" అని చెప్పులేసుకుని పోయేవాడు. నేను వెనకనుంచి తిట్టేదాన్ని. ఆ తిట్లు వింటూనే తోపు మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూ పోయేవాడు. ఇంతకంటే గొప్ప సంసారం ఎవరైనా చేశారని చెబితే నేను నమ్మను.

మా అత్తకి ఈ వేళాకోళం గిట్టేది కాదు. ఆమెకు ఒక్కడే కొడుకు. "అది ముక్కు కాదుమే, నా పాలిటి శని. బిడ్డ గడప దాటేదానికి లేకుండా చేస్తా ఉండాది" అని దులిపేసేది. నోరు అలాంటిది. చేతులు వేరు. ఆసుపత్రిలో నర్సమ్మ ఎలర్జీ అని మాత్రలిస్తే అవి వేసుకుని నేను పొయ్యి దగ్గరే కునికిపాట్లు పడేదాన్ని. "ఈ నిద్రమాత్రలు మనకొద్దు, నేను చూస్తా" అంది అత్త. చూసింది కూడా. ఆరేళ్ళు చూసింది.

పూత పడకముందే మొదలుపెట్టేది. పొద్దున్నే శొంఠి, మిరియాలు, వాము దంచి, తులసాకేసి, గ్లాసుడు నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా కాచి, తాటిబెల్లం ముక్క కలిపి ఇచ్చేది. ముఖం చిట్లిస్తే "తాగు, తాగు, నీ మొగుడు తాగేదానికంటే మేలైందే" అనేది. పాపం, ఆయన పండక్కి ఒకరోజు తాగేవాడు, అంతే. సాయంత్రం కుండలో వావిలాకు, పసుపు వేసి మరగబెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించేది. ఊపిరాడక నేను దుప్పటి ఎత్తబోతే బయటనుంచి నెత్తిన ఒక్కటి మొట్టేది. పడుకోబోయే ముందు గోరువెచ్చటి ఉప్పునీళ్ళు దోసిట్లో పోసి ముక్కు కడిగించేది. తోపు వైపు కిటికీకి తడిగుడ్డ కట్టేది. నా చీరలు బయట ఆరేయనిచ్చేది కాదు. ఇవన్నీ ఆమెకెవరూ నేర్పలేదు. ఏది చేస్తే తగ్గింది, ఏది చేస్తే పెరిగింది అని నన్నే చూసి నేర్చుకుంది. ఒకసారి పసుపుకొమ్ము కాల్చి పొగ పట్టిస్తే నాకు ఆయాసం వచ్చింది. ఆమె భయపడిపోయి ఆ రోజంతా నా వీపు నిమురుతూ కూర్చుంది. పొగ మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.

ఏడాదికేడాది తుమ్ములు తగ్గుతూ వచ్చాయి. ఆరో ఏడు పూత కాలంలో వరసగా పది రోజులు పొద్దున పూట ఒక్క తుమ్ము రాలేదు. అత్త వీధి వీధంతా చెప్పుకుంది. "డాక్టర్లు చెయ్యలేంది నేను చేసినా" అని.

పదకొండో రోజు కూడా రాలేదు. ఆయన గడప దగ్గర ఆగి నావైపు చూశాడు. "ఏందే, ఇయ్యాల కూడా లేదా? నాకేం తోచకుండా ఉండాది" అన్నాడు. "లేదు బావా, పో, వాళ్ళు ఎదురుచూస్తా ఉంటారు" అన్నాను. పోయిరా అనలేదు, పో అన్నాను. ఆయన పోయాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డు కనపడేంత దగ్గరలో, అలల్లో పడవ తిరగబడింది. నలుగురు ఈదుకుంటూ వచ్చారు. ఆయన తలకి పడవ అంచు తగిలింది. మోసుకొచ్చిన వాళ్ళు ఏడుస్తూ చెప్పింది ఒక్కటే మాట: ఒక్క అల, వొదినా, ఒకే ఒక్క అల.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళారు. ఇద్దరం మిగిలాం. అత్త అన్నం మానేసింది. నేను పెడితే కంచం వైపు చూసేది, చేయి పెట్టేది కాదు. ఒకరోజు పెరట్లో వావిలి మొక్కని వేళ్ళతో సహా పీకి పడేసింది. నేను పరుగెత్తుకుంటూ పోతే మట్టి చేతులతో నన్ను పట్టుకుంది.

"ఒక్క తుమ్ము తుమ్ముంటే కూర్చోనుండే వాడు కదమే. నీళ్ళు తాగుండే వాడు. అంతసేపు ఆగింటే ఆ అల దాటిపోయుండేది. ఆ తుమ్ముని ఆపింది ఎవురు? నేను. నా చేత్తో కషాయం కాచి నా కొడుకుని చంపుకున్నా."

నాకు ఒళ్ళు మండింది. "ఆరేళ్ళు నేను తుమ్మినా ఆయన పోయొచ్చాడు కదత్తా, సముద్రం నా ముక్కుని చూసి అలలేస్తుందా?" అని అరిచాను. ఎంత చెప్పినా ఎక్కలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా ఎక్కలేదు. శకునాలు నేను నమ్మను. అయినా ఆ పొద్దున ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వచ్చుంటే ఎంత బాగుండేదని దిండులో ముఖం పెట్టి ఏడ్చాను.

నెల తిరిగేసరికి ఆమె లేచి నిలబడలేని స్థితికి వచ్చింది. నర్సమ్మ వచ్చి చూసి "ఇట్టనే ఉంటే మనిషి దక్కదమ్మా" అని నా చెవిలో చెప్పిపోయింది. ఆయన్ని పోగొట్టుకున్నాను. ఈమెను కూడా పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

ఆ మధ్యాహ్నం రసం అన్నం కలిపి ఆమె ముందు కూర్చున్నాను.

"అత్తా, ఆ పొద్దు నేను తుమ్మినా."

ఆమె కళ్ళు నావైపు తిరిగాయి.

"ఆయన బయట చెప్పులేసుకుంటా ఉన్నాడు. కొంగు నోట్లో కుక్కుకొని తుమ్మినా. ఆయనకి వినపళ్ళా. నువ్వు పెరట్లో ఉండావు. చెప్తే మళ్ళా కూర్చోవాల, ఆలస్యమవుద్దని గమ్మునుండిపోయినా. నీ మందు నా తుమ్ముని ఆపలేదు. నేనే దాచినా."

"ఒంటిదా?" అంది.

"ఒంటిదే."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కంచం తనవైపు లాక్కుంది. నాలుగు ముద్దలు తిని, నీళ్ళు తాగి, మిగిలింది కూడా తినేసింది.

బతికింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది, ఎండుచేపల గంప పెట్టుకుని నెల్లూరు బస్సెక్కుతోంది. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కూర తింటాం. నాతో మాత్రం అవసరమైనంతే మాట్లాడుతుంది. ఈ మాఘంలో మళ్ళీ పూత పడింది. నేను తెల్లారేసరికి తుమ్ముతూ లేస్తాను. ఆమె పక్కకి తిరిగి పడుకుంటుంది. నేనే పొయ్యి వెలిగించుకుని శొంఠీ మిరియాలూ దంచుకుంటాను. ఏది ఎంత వెయ్యాలో అడగడానికి నోరు రాదు. నేను కాచింది వట్టి ఘాటు, గొంతు దిగదు.

నిజం చెప్పేస్తే నన్ను దగ్గరికి తీసుకుంటుంది, నాకు తెలుసు. ఆ మర్నాటి నుంచి అన్నం మానేస్తుంది, అదీ తెలుసు. మా అత్తకి చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను.