ఎంగిలి గ్లాసు

పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా బాపుకు నీళ్లు తాగితే చాలు, పొలమారేది. మూడు నెలల్లో ముగ్గురు డాక్టర్లకు చూపించాను. ఒకరు టానిక్ రాశారు. ఒకరు సూది వేశారు. మూడో ఆయన తలెత్తి కూడా చూడకుండా "ముసలితనం" అన్నాడు.

ఆయన దగ్గరి నుంచే వస్తూ నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు కోసం కూర్చున్నాం. బాపు దూప అన్నాడు. సంచిలోంచి నీళ్ల చెంబు తీశాను. మా ఇంట్లో చెంబుకు పెదవి తగలకూడదు. బాపు తల వెనక్కి వంచాడు, నేను ఎత్తి పోశాను. మళ్లీ అదే దగ్గు, ఊపిరాడక కళ్లు తేలేశాడు.

"జర మెల్లగ తాగొద్దా బాపూ!" అని అందరి ముందూ కసిరాను.

పక్కన తునికాకు మూటతో కూర్చున్న అవ్వ నా చేతిలోని చెంబు లాక్కుంది. తన గ్లాసులో కొన్ని నీళ్లు పోసి, బాపు తల మెల్లగా ముందుకు వంచింది.

"గట్ల మీదికెల్లి పోస్తె పొలమారదా? మా ఇంటాయనకు గిట్లనే అయితుండె. తల వంచి, పెదవి ఆనిచ్చి, జరంత జరంత తాగన్నా."

"నీ గిలాస ఎంగిలైతది" అన్నాడు బాపు.

"కడుక్కుంటె పోతది."

బాపు గుక్క గుక్కగా తాగాడు. దగ్గు రాలేదు. అవ్వ గ్లాసు కడగలేదు. మిగిలిన నీళ్లు తానే తాగి, దాన్ని సంచిలో వేసుకుంది.

బాపు నీళ్లెలా తాగుతాడో ఒక్క డాక్టరూ అడగలేదని ఊళ్లో చాన్నాళ్లు తిట్టాను. ఆ మూడు నెలలూ రోజూ ఎత్తి పోసింది మాత్రం నేనే.