విరగడానికి చేసిన గిటారు

1991 ఏప్రిల్‌లో ఫిల్మ్‌నగర్‌లోని ఒక స్టూడియో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వారు నాకు నాలుగు గిటార్లు చేసే పని అప్పగించారు. గిటార్లు, మాండలిన్లు చేతితో చేయడం, పాతవి బాగుచేయడం నా వృత్తి. బాపట్ల నుంచి మద్రాసు వెళ్లి ఒక వాయిద్యాల వర్క్‌షాపులో పదకొండేళ్లు పనిచేశాను. సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు చేరుతున్న రోజుల్లో వాళ్ల వెనకే వచ్చి వెంగళరావు నగర్‌లో ఇంటి వెనక షెడ్డు వేసుకున్నాను. అప్పటిదాకా నాకు తెలిసిన సినిమావాళ్లంటే రికార్డింగ్ థియేటర్లలో వాయించేవాళ్లే. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ నుంచి కబురు రావడం అదే మొదలు.

ఆర్ట్ డైరెక్టర్ కృష్ణమూర్తిగారు రాజమండ్రి మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు, చెప్పాల్సింది మాత్రం చివర్లో చెబుతారు. కొలతలు, రంగు, నునుపు అన్నీ వివరించి, నేను లేవబోతుండగా అన్నారు: "ఒక్క మాట సుందర్రావుగారూ. ఇవి వాయించక్కర్లేదండీ. విరిగితే చాలు."

సినిమాలో విరగడానికే చేసే వస్తువును డమ్మీ అంటారు. కుర్చీలైతే తేలికైన బూరుగు చెక్కతో చేస్తారు. గిటారును మామూలుగా థర్మోకోల్‌తో కోసి రంగు వేసేవారు. ఈ డైరెక్టరుకు అది పనికిరాలేదు. జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దింటి లాన్‌లో హీరో కూర్చుని గిటారు వాయిస్తుంటాడు. విలన్ మనిషి ఒకడు వచ్చి పక్కనున్న బల్లను తన్నేసి వెనక్కి తిరుగుతాడు. హీరో లేచి అదే గిటారు వాడి వీపు మీద బద్దలు కొడతాడు. ఇదంతా ఒకే షాట్, మధ్యలో కట్ లేదు. కెమెరా అంత దగ్గరగా ఉన్నప్పుడు చెక్క చెక్కలాగే విరగాలి.

ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నాను గాని, నా స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. గిటారుకు ఆరు తీగలూ శ్రుతిలో బిగిస్తే పై పలక మీద పడే లాగుడు ఒక మనిషి బరువంత ఉంటుంది. ఆ లాగుడుకు పలక ఉబ్బకుండా లోపల సన్నటి బద్దలు అతికిస్తాం. మద్రాసులో మా మేస్త్రి ఒకటే నేర్పాడు: అమ్మిన సరుకు గడప తొక్కి తిరిగి రాకూడదు. అందుకని నేను పలక కాస్త మందంగానే ఉంచేవాణ్ని, బద్దలు ఇంకాస్త లావుగా పెట్టేవాణ్ని. అతుకులన్నిటికీ వడ్రంగులు వజ్రమని పిలిచే జిగురే వాడేవాణ్ని. తోలు, ఎముకలు ఉడికించి తీసే ఆ జిగురుకు ఆ పేరు ఊరికే రాలేదు. నా చేతి గిటారు ఒక్కటీ రిపేరుకు తిరిగి రాలేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ని. చర్చిల్లో అయితే పాస్టరుగారు అడక్కపోయినా చెప్పేవాణ్ని.

నాలుగు డమ్మీలూ పల్చటి మామిడి చెక్కతో చేసి, బద్దలు సగానికి తగ్గించి, ఇక ఇవి గాలికే విరుగుతాయనుకుంటూ అప్పగించాను.

షాట్ రోజు నన్ను కూడా లొకేషనుకు రమ్మన్నారు. దెబ్బ తినాల్సిన ఫైటరు పేరు యాదగిరి. అప్పట్లో ఫైటర్లు ఎక్కువగా మద్రాసు నుంచే వచ్చేవారు. యాదగిరి ఇక్కడివాడే. బోరబండలో ఉండేవాడు. పాతికేళ్లుంటాయి. పది పన్నెండు సినిమాల్లో కింద పడ్డాడట. అన్నిట్లోనూ వీపే కనిపించిందట. ఈ షాట్‌లో మాత్రం కెమెరా వైపు తిరిగి పడతాడు. ఆ సంగతి ఆ ఉదయం నాతోనే రెండుసార్లు చెప్పాడు.

నాలుగు రిహార్సల్స్ అయ్యాయి. టేక్‌లో హీరో గిటారు ఎత్తి బలంగానే కొట్టాడు. బియ్యం బస్తా నేలమీద పడేసినట్టు దభీమని చప్పుడైంది. యాదగిరి అనుకున్న చోటే, అనుకున్నట్టే, ముందు మోకాళ్ల మీదికి వచ్చి, కెమెరా వైపు తిరిగి, పక్కకి ఒరిగాడు. హీరో చేతిలో గిటారు చెక్కుచెదరకుండా ఉంది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు మొదట కలిగింది గర్వం. ఆ తర్వాత యాదగిరి లేవడానికి కుడిచేయి ఆనించబోయి ఆనించలేకపోవడం చూశాను. భుజం మీద అంత దెబ్బ పడ్డాక కూడా వాడు లెక్క తప్పకుండా, ఎక్కడ పడమంటే అక్కడే పడ్డాడు. అదెలా సాధ్యమో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. పనితనమంటే ఏమిటో నాకు తెలుసుననుకున్నవాణ్ని. ఆ లాన్‌లో నాకంటే పెద్ద పనివాడు నేలమీద పడి ఉన్నాడు.

డాక్టరు వచ్చి చూసి ఎముక విరగలేదన్నాడు. నేను దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పబోయాను. నా మాట పూర్తయ్యేలోపే యాదగిరి అన్నాడు: "ఏం ఫికర్ చెయ్యకుండ్రి సార్. మీ పని మీరు మంచిగ చేసిండ్రు, గంతే. బొక్కలు కట్టే పైల్వాన్ తాన పట్టి కట్టించుకుంట, నాలుగు దినాలల్ల సాఫ్ అయితది." తర్వాత మెల్లగా, "జర ఫైట్ మాస్టర్‌కు చెప్పుండ్రి సార్, వేరేటోణ్ని పెట్టద్దని. గీ సిన్మలనే నా మొఖం కనవడేది" అన్నాడు.

నేను చెప్పాను. ఫైట్ మాస్టరు ఒప్పుకున్నాడు గాని, ఈసారి గిటారు విరక్కపోతే మాత్రం మద్రాసు నుంచి మనిషిని పిలిపిస్తానన్నాడు. హీరో డేట్లు మళ్లీ సోమవారం ఉన్నాయి. నాకు ఐదు రోజులు దొరికాయి.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు; కుమ్మరి ఏడాది కష్టం దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ పని. నా దగ్గర ఆ సామెత తిరగబడింది. ఒక్క పెట్టుకు విరిగేలా చేయడమే నాకు పెద్ద చదువైంది. పలకలు, అతుకులు విడివిడిగా చేసి ఇసుక మూటకేసి కొట్టి చూశాను. మొదటి రెండు రోజులూ నేను బలం ఉందనుకున్న చోట బలం లేదు. లేదనుకున్న చోట ఉంది. లావుపాటి బద్దను సగం చెక్కినా పలకకు ఏమీ కాలేదు. వెంట్రుకంత సన్నటి గాటు చెక్క పొరకు అడ్డంగా పడితే మాత్రం పలక మొత్తం అక్కడే తెగేది. జిగురు అతుకు ఊడేది కాదు, పక్కనున్న చెక్కే చిరిగేది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గిటారును నిలబెడుతున్నది ఏమిటో అప్పటిదాకా ఒక్కసారీ చూడలేదు.

మామిడి చెక్క విరిగితే మేకుల్లాంటి చీలికలు లేస్తున్నాయి. అవి మనిషికి గుచ్చుకుంటాయి. దాన్ని వదిలేసి, మంచి గిటార్ల కోసం ఏళ్లుగా ఆరబెట్టుకున్న దేవదారు చెక్క తీశాను. పల్చగా చేస్తే అది పొట్టి ముక్కలుగా, తేలిగ్గా విరుగుతుంది. ప్రాణం ఉసూరుమంది గాని తప్పలేదు. ఎండకు ఎదురుగా పట్టుకుంటే పలక అవతల నా వేళ్ల నీడ కనిపించేదాకా చిత్రిక పట్టాను. బద్దలు తీగల లాగుడుకు ఎంత కావాలో అంతకే దించాను. దెబ్బ తగిలే వెనక పలకకు మాత్రం లోపలి వైపు కత్తితో గాట్లు పెట్టి, నీళ్లు కలిపిన జిగురుతో అతికించాను.

అలాంటివి రెండు చేశాను. ఒకటి పరీక్షకు. నా వీపు మీద నేనే కొట్టుకోలేను కనుక, ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఆవిడ మార్తను పిలిచి పెరట్లో నిలబెట్టి గిటారు చేతికిచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు మీ అంతట మీరు ఇచ్చిన మొదటి వరం ఇదేనండీ" అంది. కాస్త గట్టిగానే కొట్టింది. అప్పడం విరిగినట్టు పటపటమని ముక్కలై కాళ్ల దగ్గర రాలింది. నాకు చేత్తో తట్టినట్టు మాత్రమే అనిపించింది. పక్కింటావిడ ప్రహరీ మీంచి చూస్తోందని ఇద్దరం తర్వాత గమనించాం. సంజాయిషీ చెప్పే పని మార్త తీసుకుంది. ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

సోమవారం ఉదయం మిగిలిన ఒక్క గిటారూ పట్టుకుని లొకేషనుకు వెళ్లాను. యాదగిరి చొక్కా కింద పట్టీతో సిద్ధంగా ఉన్నాడు. తీగలు నేను వదులుగానే కట్టాను. విరిగినప్పుడు బిగువు మీదున్న తీగ తెగితే కొరడాలా ముఖానికి తగులుతుందని నా భయం. కెమెరామన్ లెన్సులో చూసి, తీగలు వేలాడుతున్నాయి, బిగించమన్నాడు. బ్రిడ్జి, అంటే తీగల కింది కొస పట్టుకునే ముక్క, దెబ్బ పడగానే, తీగలు తెగకముందే, పై పలక నుంచి ఊడిపోయేలా అతికించాను కనుక, శ్రుతికి ఒక స్వరం కింద దాకా బిగించవచ్చనుకున్నాను. ఒక్కొక్క తీగ తిప్పుతుంటే పలక కొద్దిగా పైకి లేవడం వేలికి తెలుస్తోంది. ఆరో తీగ కూడా బిగించాను. పలక తట్టుకుంది.

అలవాటు కొద్దీ ఒకసారి ఆరు తీగలూ మీటాను.

ఆ నాదాన్ని మాటల్లో పెట్టడం నాకు చేతకాదు. నా గిటార్లు పలికితే తీగ పలికినట్టు ఉండేది. ఇక్కడ చెక్క పలికింది. పలక మొత్తం ఒక్కసారిగా ఊపిరి తీసినట్టు లేచి, మెల్లగా, చాలాసేపటికి దిగింది. లాన్ అవతల మెట్ల మీద కూర్చున్న లైట్‌మన్ ఒకతను రేడియో ఎక్కడుందా అని చుట్టూ చూశాడు. నా చేతి కింద ఉన్నది నేను చేసిందేనని నమ్మలేకపోయాను. హీరో వచ్చి తీసుకుని తనకు వచ్చిన రెండు స్వరాలు వాయించి, అరచెయ్యి పలక మీద పెట్టి, "ఇది నా పక్కటెముకల్లో మోగుతోందండీ" అన్నాడు.

కృష్ణమూర్తిగారు నా ముఖం చూసి విషయం గ్రహించారు. మరొకటి చేయడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. మూడు రోజులన్నాను. హీరో డేట్లు ఆ రోజుతో సరి. ప్రొడక్షన్ మేనేజరు మాత్రం సులువైన దారి చెప్పాడు. పాత గట్టి డమ్మీలు నాలుగూ ఉన్నాయి, ఒకదానికి గాట్లు పెట్టి మెల్లగా కొడితే సరిపోతుంది, ఇది దాచుకోండి అన్నాడు.

యాదగిరి ఇదంతా వింటూనే ఉన్నాడు. దగ్గరికి వచ్చి, "గట్టిదే తెండ్రి సార్. గిట్ల పలికేదాన్ని పలగ్గొట్టుడు పాపం. నేను ఓర్చుకుంట" అన్నాడు.

నేను వెంటనే వద్దనలేదు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ దాచను. మామిడి చెక్కకు గాట్లు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది, దెబ్బ ఎడమ భుజం మీద పడేలా చూస్తే ఎలా ఉంటుంది అని మనసులో లెక్కలు వేశాను. ఒక నిమిషం పాటు వేసి ఉంటాను. అప్పుడు యాదగిరి ఎడమచేత్తో కుడి భుజం పట్టీ సర్దుకున్నాడు. నొప్పి మా కంటపడకూడదని అటు తిరిగి సర్దుకున్నాడు.

నేను గిటారు తీసుకెళ్లి హీరో చేతికిచ్చాను. వెనక పలక ఏ చోట తగలాలో వేలితో చూపించి, తీగలు ముఖానికి దూరంగా ఉండేలా ఎలా పట్టుకోవాలో చెప్పాను. వెళ్లి కెమెరా వెనక నిలబడ్డాను.

హీరో నిజంగానే వాయించాడు. అది సినిమాలో వినబడదు. దాని మీద పాట వేరే వేశారు. బల్ల తన్నడం, లేవడం, ఎత్తడం, కొట్టడం అన్నీ అయ్యాయి. గిటారు ఒక్క దెబ్బకు ముక్కలై గాల్లో విచ్చుకుంది. యాదగిరి మోకాళ్ల మీదికి వచ్చి, కెమెరా వైపు తిరిగి, ఒరిగాడు. డైరెక్టరు ఓకే అన్నాడు. యాదగిరి తనంతట తనే లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి నాకు చూపించాడు.

గడ్డిలోంచి ముక్కలు ఏరుకుని షెడ్డుకు తెచ్చి పై పలక మందం కొలిచాను. నా గిటార్లది నాలుగు మిల్లీమీటర్లు. ఇది రెండు మీద వెంట్రుకవాసి. ఆ ముక్క నేను రిటైరయ్యేదాకా నా బల్ల మీదే ఉంది.

తర్వాతి నెలల్లో అంతకుముందు నేను అమ్మిన గిటార్లు కొన్ని వెతుక్కుంటూ వెళ్లి చూశాను. ఒకటి చర్చి వెనక గదిలో మూలకు ఆనించి ఉంది. ఒకటి బంజారా హిల్స్‌లో ఒక ఇంటి గోడకు వేలాడుతోంది, తీగలు తుప్పు పట్టాయి. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని ఎవరూ వాయించడం లేదు. నేను వాటిలో పెట్టింది బలమనుకున్నాను. అది నా భయం.

అప్పటి నుంచి పలక రెండున్నరకు దించాను. ఆ గిటార్లు రిపేరుకు రావడం మొదలుపెట్టాయి. పలక ఉబ్బి, బద్ద ఊడి, వేళ్లు పడే చోట చెక్క గుంటలు పడేలా అరిగి వచ్చేవి. బాగుచేసి పంపేవాణ్ని, మళ్లీ వచ్చేవి. నా సరుకు గడప తొక్కి తిరిగి రాలేదని చెప్పుకోవడం మానేశాను.