దర్జీ పిన్ని గారి ఆయన

దర్జీ పిన్నికి పెళ్ళి కాలేదు. అయినా ఇంటికి తాళం వేసిన ప్రతిసారీ మొగుడికి జాగ్రత్తలు చెప్పిగానీ గుమ్మం దిగదు.

"ఏవండీ, వెళ్ళొస్తా! పొయ్యి మీద పాలున్నాయి, కుర్చీలో కునుకు తీయకండి!" అని ఖాళీ ఇంట్లోకి కేకేస్తుంది. దొంగ వెధవ ఎవడైనా పొంచి ఉంటే, లోపల మగమనిషి ఉన్నాడని జడుసుకోవాలని ఆవిడ ఎత్తు.

"బయట తాళం కనిపిస్తూనే ఉందిగా పిన్నీ?" అంది పక్కవాటాలో ఉండే నర్సు.

"మొగుణ్ణి లోపల పెట్టి తాళం వేసిందనుకుంటాడు. అలాంటిదాని జోలికి ఏ దొంగొస్తాడే?"

దండెం మీద ఎప్పుడూ ఓ చొక్కా ఆరుతూ ఉండేది. పిన్నే కుట్టింది. అందులో ఇద్దరు మనుషులు సుఖంగా పడతారు. దొంగ భయపడాలంటే ఆయన భారీగా ఉండొద్దూ?

ఓసారి మిక్సీలు అమ్మేవాడొచ్చి సారుని పిలవమన్నాడు.

"స్నానం చేస్తున్నారు."

"పొద్దున కూడా స్నానమే అన్నారమ్మా!"

"చూశావుగా ఆ చొక్కా? అంత ఒళ్ళు తడవొద్దూ?"

నర్సు పడీపడీ నవ్వేది. తన గది తాళం తీసేసరికి ఆ నవ్వు ఎగిరిపోయేది. భర్త ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళాక ఆ ఇంట్లో పలకరించే మనిషే లేడు. అతని మీద బెంగతో అన్నం కూడా సహించడం లేదు. ఇక ఉండలేనని, ఇల్లు ఖాళీ చేసి ఆస్పత్రి హాస్టలుకు వెళ్ళిపోతానని పిన్నితో చెప్పేసింది.

పిన్ని కుట్టుమిషను ఆపింది. "సరే నీ ఇష్టం. ఉన్న నాలుగు రోజులైనా నేను చెప్పినట్టు కేకెయ్యి. వెళ్ళేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా. దొంగలు రెండువేళలా వింటారు."

మర్నాడు సాయంత్రం నర్సు తలుపు తీసి, అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే, "ఏవండీ, వచ్చేశా" అంది.

"రా, రా! ఇంతాలస్యమైందేం?" అని గోడ అవతలి నుంచి ఓ బొంగురు గొంతు పలికింది. ఆ వెంటనే దగ్గు తెర.

"పిన్నీ! నువ్వా?"

"నేనెందుకవుతానే? మా ఆయన," అంది పిన్ని గొంతు సవరించుకుంటూ. "మీ ఆయన వచ్చేదాకా మీ ఇంటి తరఫున కూడా పలకమన్నాను. నువ్వు హాస్టలుకు పోతే పాపం ఆయనకి మాత్రం మాట్లాడ్డానికి ఎవరున్నారు?"

నర్సు కళ్ళు తుడుచుకుని, గోడ అవతలికి వినబడేలా గట్టిగా అంది:

"బాబాయితో చెప్పు పిన్నీ, రేపు తొందరగా వస్తానని."