ఎవరూ లేని ఇంట్లో పొయ్యి

జపాన్‌కు పోయే ముందు నెల, కోడుమూరు పక్క రైతు ఒకాయన నన్ను పిలిపించాడు. నేను కప్పిన కొట్టంలోకి తీసుకుపోయి పైకప్పును కట్టెతో పొడిచాడు. నా నెత్తిన పొట్టు రాలింది. కప్పుకు వేస్తే పదేండ్లు ఉండాల్సిన బోదగడ్డిని నాలుగేండ్లకే పురుగు తినేసింది.

"గడ్డి చెడిందా, నీ చెయ్యి చెడిందా? ఏదో ఒకటి చెప్పప్పా" అన్నాడు.

గడ్డిదే తప్పన్నాను. ఆత్మకూరు పక్క అడవి అంచున గడ్డి కోసేవాళ్లు పచ్చిగా ఉన్నప్పుడే కోసి మోసం చేశారన్నాను. ఆయన నమ్మలేదు. రేకులు వేయిస్తానని, చుట్టుపక్కల ఊర్లలో నన్ను ఇంకెవ్వరూ పిలవకుండా చూస్తానని మొహం మీదే అన్నాడు. నలభై ఏండ్లుగా కప్పు పని తప్ప వేరే పని ఎరగను. ఆ మాట పడి ఇంటికి వచ్చాను.

అంతలో పాత ఇండ్లు కాపాడే సంఘం వాళ్లు కప్పు పనివాళ్లను నలుగురిని జపాన్ కొండ పల్లెలు చూపించడానికి తీసుకుపోయారు. అందులో నేనొకణ్ణి. యాభై ఏండ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నా, పాస్‌పోర్టు మీద సంతకం నాదే.

ఆ పల్లెలో ఇండ్ల కప్పులు రెండు చేతులు జోడించి దండం పెట్టినట్టు నిటారుగా ఉన్నాయి. మంచు నిలవకుండా అంత వాలు పెడతారట. గడ్డి మందం నా చేతి పొడవుంది. లోపల దూలాలకు మేకు లేదు, అంతా తాళ్లతో కట్టిందే. అది చూసి నేనేమీ ఆశ్చర్యపోలేదు. నేనూ మేకు కొట్టను. వాళ్ల కట్టు కన్నా నా కట్టే బిగువని ఇప్పటికీ అంటాను. ఒక ఇల్లు కప్పాలంటే ఊరంతా కదిలి వస్తారట. మా చిన్నప్పుడు మేమూ అట్లే ఒకరి కొట్టం ఒకరం కప్పుకునేవాళ్లం. ఇప్పుడు పిలిస్తే ఫోన్ ఎత్తరు.

ఒక ఇంట్లో కాపురం లేదు. వచ్చే జనం చూడటానికి ఉంచారు. నడిమింట్లో నేలలోనే గుంతపొయ్యి ఉంది. ఒక ముసలాయన పక్కన కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నాడు. పొయ్యి మీద కుండ లేదు, తినేవాళ్లూ లేరు. కండ్లు మండి నాకు చిరాకేసింది. మా వెంట వచ్చిన, వాళ్ల భాష తెలిసిన అమ్మాయిని అడిగాను.

"ఎవరికి వండుతాండాడమ్మా ఈయప్ప?"

ఆమె ఆయన్ను అడిగింది. ముసలాయన వేలు పైకి చూపించాడు.

"కప్పుకంట తాతా. పొగ తగలకపోతే గడ్డిని పురుగు తింటుందంట. అందుకే మనుషులు లేకపోయినా మంట పెడతారంట."

పైకి చూశాను. దూలాలు, తాళ్లు, గడ్డి అన్నీ మసిబారి నిగనిగలాడుతున్నాయి. కోడుమూరు కొట్టం లోపల మసి చుక్క లేదు. ఆ ఇంటికి గ్యాసు వచ్చింది కదా, కొట్టంలో పొయ్యి ఎందుకు, నా పని అందం చెడుతుందని పీకించింది నేనే. రైతు తల్లి వద్దంటున్నా వినలేదు. మా తాతల కొట్టాలు అన్నేండ్లు నిలిచింది మా చేతి గొప్పతనం అనుకున్నాను. సగం గొప్ప పొయ్యిదే.

తిరిగొచ్చిన మూడో రోజు కోడుమూరు పోయాను. రేకులు ఇంకా వేయలేదు. గడ్డి కోసేవాళ్ల మీద ఉత్తపుణ్యానికి నింద వేశానని, తప్పు నాదేనని తల్లీకొడుకుల ముందు చెప్పాను.

రైతు నవ్వాడు. "మాయమ్మ చెప్పిన మాట తెలుసుకోడానికి జపాన్ దాకా పోయొచ్చినావా?"

"పోతే తెలిసింది. పోకుంటే ఇంకో పది కొట్టాలు చెడగొడ్తాంటిని" అన్నాను.

ఊర్లో ఎవరికీ చెప్పనులే అన్నాడు. చెప్పుకోమన్నాను, పొయ్యి సంగతి కూడా కలిపి చెప్పమన్నాను.

ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "మళ్లీ కప్పు. ఈసారి పొయ్యి యాడుండాల్నో నేను చెప్తా" అంది. కొడుకు రేకుల మాట వదిలేశాడు.

ఆత్మకూరు గడ్డే తెప్పించి కప్పాను. పని అయిపోయిన రోజు ఆమె పొయ్యి రాజేసింది. కండ్లు మండుతున్నా నేను లోపలే కూర్చుని పొగ పోయే దారి చూశాను. పడమటి మూలకు సరిగా అందడం లేదు. పొయ్యి రెండడుగులు జరపమన్నాను. ఆమె జరపనంది. మరుసటి రోజు నిచ్చెన వేసుకుని, ఆ మూల కప్పు విప్పి, పొగ అందేటట్టు వాలు నేనే మార్చాను.