ఎర్రచుక్కల కూతుళ్ళు

నా భార్య నన్ను కాదని పుట్టింటికి వెళ్ళిపోయిందని అడిగినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. నేను మోసపోయానని వాళ్ళు జాలిపడుతుంటే కాదనలేదు. పుట్టిన పిల్ల నాదేనని ఆ రోజే నాకు తెలుసు. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. ఎలా తెలుసో చెప్పాలంటే ముందు సీతాకోకచిలుకల గురించి చెప్పాలి.

ధవళేశ్వరంలో కాలవల కచేరీలో నేను గుమాస్తాని. మా ఇంగ్లీషు దొరకి సీతాకోకచిలుకల పిచ్చి. వాటిని సూదులతో గుచ్చి అద్దాల పెట్టెల్లో దాచుకునేవాడు. మా పెరట్లో నిమ్మచెట్టు ఉందని తెలిసి, దానిమీది పురుగులను పెంచి ఇమ్మన్నాడు. నా భార్య కాపురానికి వచ్చిన కొత్త. పొద్దున్నే లేత నిమ్మాకులు కోసి పెట్టెలో వేసేది. ఆ పురుగు చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉంటుంది, ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి తోసి ఘాటైన వాసన వదులుతుంది.

"మీ దొరగారికి కోపం వస్తే ఇలాగే ఉంటారేమోనండీ" అని నా భార్య నవ్వేది.

నిమ్మచెట్టుకి వచ్చే ఆ నల్లటి, తోకలున్న సీతాకోకచిలుకల్లో మగవన్నీ ఒకటే తీరు. వెనక రెక్కల మీద అడ్డంగా తెల్లపట్టీ ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మగవాటిలాగే ఉంటాయి. మరికొన్నిటికి పట్టీ బదులు మధ్యలో తెల్లమచ్చ, అంచున ఎర్రచుక్కలు. ఇవి అచ్చం ఈశ్వరి తీగ తిని పెరిగే వేరే జాతిదానిలా కనబడతాయి. ఆ తీగలోని విషం దాని ఒంటికి పడుతుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. నిమ్మచెట్టుది ఏ విషమూ లేకుండానే ఆ వేషంతో బతికిపోతుంది. రెక్కలు చూస్తే పోల్చలేం, ఒళ్ళు చూడాలి. ఈశ్వరి తీగదాని ఒళ్ళు ఎరుపు, దీనిది నలుపు.

ఒక ఏడు తెల్లపట్టీ తల్లి పెట్టిన గుడ్లను పెంచితే, కూతుళ్ళలో కొన్ని ఎర్రచుక్కలవి వచ్చాయి. దొర నమ్మలేదు. బయటి పురుగులను తెచ్చి కలిపేశావన్నాడు. మా ఎదురింట్లోనే ఉండే హెడ్డు గుమాస్తా పక్కనుంచి, "తల్లి ఈశ్వరి తీగ దాకా షికారు వెళ్ళొచ్చిందేమోనండీ!" అన్నాడు. కచేరీ అంతా ఘొల్లుమంది. నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం పోయినా సరేనని దొరతో వాదించాను.

మరుసటి ఏడు చెట్టంతా పలచటి గుడ్డ కప్పాను. అప్పుడే రెక్కలు విప్పిన తెల్లపట్టీ ఆడదాన్నీ, ఒక్క మగదాన్నీ లోపల వదిలాను. మరొకటి దూరే సందు లేదు. దొర వచ్చి పెరట్లో కుర్చీ వేసుకుని చూసి వెళ్ళేవాడు. ఈసారీ కూతుళ్ళలో ఎర్రచుక్కలవి వచ్చాయి. తల్లి మీద ఆ రంగు లేదు. తండ్రి మీదా లేదు. మగవాటి మీద అది ఎప్పుడూ కనబడదు కాబట్టి, తండ్రే దాన్ని పైకి తెలియకుండా మోసుకొచ్చి కూతుళ్ళకి ఇచ్చి ఉండాలన్నాను. దొర నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ తర్వాత నా భార్య పురిటికి రామచంద్రపురం వెళ్ళింది. పిల్లకి ఐదో నెలలో వాళ్ళన్నయ్య తల్లీబిడ్డలను పడవలో తీసుకొచ్చాడు. అరుగుమీద మా అమ్మ పిల్లను చేతుల్లోకి తీసుకుంది. పిల్లవి పిల్లికళ్ళు. నాకుగానీ నా భార్యకుగానీ అలాంటి కళ్ళు లేవు.

చూడవచ్చిన ఒకావిడ మా అమ్మతో, "దొరగారు పెరట్లో కూచున్నది పురుగుల కోసమేనా వదినా?" అంది.

హెడ్డు గుమాస్తా తన అరుగుమీంచి అందుకున్నాడు. "ఈ తల్లి ఏ తీగదాకా వెళ్ళొచ్చిందోనండోయ్!"

అమ్మ పిల్లను చాపమీద పడుకోబెట్టి లోపలికి పోయింది. అందరూ నావైపు చూశారు. నా భార్య నా దగ్గరికి వచ్చి అడిగింది:

"ఏవండీ, పురుగుల తల్లి తరఫున దొరతో దెబ్బలాడారు. నా తరఫున ఒక్క మాట అనరా?"

తండ్రి కనబడనిదాన్ని మోసుకురాగలడని ఆ వీధి మొత్తంలో నాకొక్కడికే తెలుసు. ఆ మాట అంటే నవ్వు నామీదికి తిరుగుతుంది. తల దించుకున్నాను. దాన్నే అందరూ జవాబనుకున్నారు. మర్నాడు వాళ్ళన్నయ్య ఇద్దరినీ మళ్ళీ పడవ ఎక్కించాడు. నేను కాలవగట్టు దాకా కూడా వెళ్ళలేదు.

మోసపోయినవాడికి ఊళ్ళో ఒక మర్యాద ఉంటుంది. పిలిచి అన్నం పెడతారు, గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ మర్యాద మరిగి, నిజంగానే నాకు ద్రోహం జరిగిందని కొన్నేళ్ళపాటు నమ్మాను కూడా.

మొన్న మా అమ్మ పోయినప్పుడు విశాఖపట్నం నుంచి మేనత్త వచ్చింది. కోడలు రాలేదేమని అడిగితే పిల్ల కళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ నోరు తెరిచి చూసింది.

"అదేంట్రా! మా అమ్మవి పిల్లికళ్ళే కదా. నువ్వు పుట్టకముందే పోయింది, నీకు తెలీదు. మీ అమ్మకి తెలీదా? పెళ్ళిలో అత్తగారి కళ్ళు చూసి జడుసుకుంది కూడాను!"

కన్నతల్లి తెలిసీ నా సంసారం కూలుతుంటే చూస్తూ ఊరుకుంది. ఎందుకని అడుగుదామంటే మనిషి లేదు. అమ్మ ఫలహారాలు తెచ్చి పక్కన కూర్చుని ఓదార్చిన సాయంత్రాలు గుర్తొచ్చినకొద్దీ కోపం పెరిగింది. కాని ఆ కోపం ఎంతో కాలం నన్ను కాపాడలేదు. పిల్ల నాదేనని అమ్మ చెప్పకపోయినా నాకు ముందే తెలుసు.

రామచంద్రపురం వెళ్ళాను. బావగారు లోపలికి రమ్మనలేదు. ఎదిగిన నా కూతురు తలుపు పక్కన నిలబడి, బేరానికి వచ్చిన ఎవరినో చూసినట్టు చూసింది. తప్పు నాదని నా భార్యతో చెప్పాను. ఆవిడ విన్నది.

"నన్ను అన్నది ఈ వీధి కాదు కదండీ. మీ వీధిలో చెప్పండి. మేం వచ్చి వింటాం."

వచ్చారు. ఇంట్లో అడుగు పెట్టకుండా వీధిలోనే నిలబడ్డారు. హెడ్డు గుమాస్తా పింఛనుతో ఇంకా ఎదురింట్లోనే ఉన్నాడు. ఆయన్నీ, చుట్టుపక్కలవాళ్ళనూ పిలిచి, అందరికీ వినబడేలా అన్నాను:

"ఇది నా కూతురు. ఆ కళ్ళు మా నాయనమ్మవి, నా నుంచి వచ్చాయి. ఈవిడ ఏ తప్పూ చెయ్యలేదని ఆ రోజే నాకు తెలుసు. తెలిసీ, మీరు నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఈవిడ నన్ను వదిలి వెళ్ళలేదు, నేనే వదిలేశాను." నా భార్య వైపూ కూతురి వైపూ తిరిగాను. "నన్ను క్షమించు. తల్లీ, నువ్వు కూడా."