మనవాళ్ళకు అరుదన్న జబ్బు

తొంభైల మధ్యలో నాన్న ఫిల్మ్ నగర్‌లో మేకప్‌మ్యాన్. పని మధ్యలో పదేపదే బాత్‌రూమ్‌కు వెళ్ళాల్సి వస్తోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నటుణ్ణి అద్దం ముందు కూర్చోబెట్టి మాయమయ్యారని ప్రొడక్షన్ మేనేజర్ అందరిముందూ కేకలేశాడు. మర్నాడే నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళారు.

రక్తపరీక్షలో ప్రోస్టేట్ సంగతి చెప్పే పీఎస్ఏ అంకె ఎక్కువ వచ్చింది. డాక్టరు పెద్దగా పట్టించుకోలేదు.

"మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాచిందండీ, అంతే. ప్రోస్టేట్ క్యాన్సర్ అంటారా, అది అమెరికాలో నల్లవాళ్ళకి ఎక్కువ, తెల్లవాళ్ళకి అంతకన్నా తక్కువ. మనవాళ్ళలో అరుదు."

నాన్న ఆ చివరి మాట పట్టుకున్నారు. ఆ డాక్టరు రాసిన మందులు అయిపోయాయి, మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె దిగలేదు. మళ్ళీ చూపిద్దామంటే, "మనవాళ్ళకి రాదన్నారుగా" అనేవారు. చివరికి ఒక పొద్దున అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"మీరు రాకపోతే నేనే వెళ్ళి మీ బాత్‌రూమ్ సంగతులన్నీ డాక్టరుకి చెప్తాను."

నాన్న చొక్కా తొడుక్కున్నారు.

ఈసారి చూసిన పెద్ద డాక్టరు హైదరాబాదులోనే పుట్టి పెరిగినవారు. రిపోర్టులు రెండుసార్లు చదివారు.

"అరుదంటే రాదని కాదు. అసలు మనోళ్ళను ఎంతమందిని పరీక్ష చేసిన్రు? వాపుతోటి కూడా అంకె పెరుగుతది, క్యాన్సర్‌తోటి కూడా పెరుగుతది. ప్రోస్టేట్ల నుంచి చిన్న ముక్క తీసి చూస్తెనే తెలుస్తది."

ముక్కలు తీసి ల్యాబుకు పంపారు. ఫలితం వచ్చేదాకా నాన్న షూటింగులకు వెళ్ళలేదు. ఫోన్ మోగితే ముగ్గురం దాన్నే చూసేవాళ్ళం. ఎత్తడానికి ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు.

ఫలితం చెప్పేటప్పుడు డాక్టరు తన కుర్చీని మా దగ్గరకు జరుపుకున్నారు.

"వాపు ఉన్నమాట నిజమే. కానీ తీసిన ముక్కలల్ల ఒకదాంట్ల క్యాన్సర్ కూడా ఉన్నది. బయటికి పాకినట్టు లేదు. ఆపరేషన్ చేద్దాం."

నాన్న తల వంచుకున్నారు. "అయితే ఆ మొదటి డాక్టరు చెప్పింది..." అని ఆగిపోయారు. అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత చాలాకాలం మూత్రం ఆపుకోలేక అవస్థ పడ్డారు, బయటికి వెళ్ళడానికే సిగ్గుపడ్డారు. అయినా కోలుకుని మళ్ళీ మేకప్ రూమ్‌లో అడుగుపెట్టారు.

ఈ జబ్బు రోగి అన్నదమ్ములకూ కొడుకులకూ కూడా రావచ్చని డాక్టరు చెప్పిన రోజు, నాన్న ఇంటికి రాగానే శ్రీనగర్ కాలనీలో ఉన్న బాబాయికి ఫోన్ చేశారు. తన జబ్బు పేరు ఆయన నోటి వెంట వినడం నాకు అదే మొదటిసారి.

"నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందిరా. నువ్వూ ఆ రక్తపరీక్ష చేయించుకో. మనవాళ్ళకి రాదని ఎవరైనా అంటే వినకు."