సగం పుంగనూరులో, సగం కుప్పంలో: ఎనిమిది బొమ్మల కథ

తొంభై మూడులో మదనపల్లెలో రెడ్డెప్ప అనే మిత్రుడు నాకు మాటిచ్చాడు. వాళ్ల పెద్దలనాటి అచ్చుబొమ్మల పటాన్ని నేను చూసేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వనన్నాడు. ఒకే కాగితం మీద వరసగా ఎనిమిది బొమ్మలు, మొత్తం కలిస్తే ఒక హాస్యకథ. ముగింపు చెబితే రుచి పోతుందని, పక్కపక్కన కూర్చుని చూద్దామని ఊరించాడు. ఆ నెలలోనే అన్నదమ్ముల భాగాలు జరిగాయి, పటాన్నీ సగానికి కత్తిరించి పంచుకున్నారు. మొదటి నాలుగు బొమ్మలు పుంగనూరులోని అన్నకు, చివరి నాలుగు కుప్పంలో కాపురమున్న నా మిత్రుడికి. మాట తప్పాడని నేను అతనితో మాట్లాడడం మానేశాను. పదకొండేళ్ల తర్వాత అతను పోయాడని తెలిసింది. ఆ కథ చివర చూడకుండా నేనూ పోతానేమోనని బయలుదేరాను.

మదనపల్లెలో ఉదయం ఆరున్నర బస్సెక్కితే పుంగనూరు గంటలోపే. అన్నగారు గోడమీది పటం దించారు. లావుపాటి షావుకారు పొట్టి ఎద్దును కొంటాడు, బండికి కడతాడు, బండి వెనక భాగాన కూర్చుంటాడు. నాలుగో బొమ్మలో అతని బరువుకు బండి వెనక్కి వాలి, ఎద్దు కాడితో సహా గాల్లోకి లేస్తుంది. తర్వాతేమైందని అడిగాను.

"అది మా తమ్ముడి భాగమప్పా. ఆ ఇంటి సంగతి నా నోట రాదు. ఆడికే పో."

పలమనేరులో బస్సు మారాలి. అక్కడి హోటల్లో, ఒకప్పుడు మా ఇద్దరినీ కలిసే చూసిన వంటాయన, అలవాటుగా రెండు ఆకులు వేయబోతే ఒకటి చాలన్నాను. వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఒంటిగంట. మొత్తం చార్జీ యాభై రూపాయలలోపే.

మిత్రుడి భార్య నన్ను పూజగదిలోకి తీసుకెళ్లింది. చివరి నాలుగు బొమ్మలకు పసుపు, కుంకుమ, జాజిపూలు. షావుకారు దూకుతాడు, ఎద్దు దబ్బున కిందపడి అలుగుతుంది, అతను దాన్ని ఎత్తి బండిలో కూర్చోబెడతాడు. ఎనిమిదో బొమ్మలో కాడి అతని మెడమీద ఉంది, అతని తలపాగా చుట్టుకుని ఎద్దు నెమరు వేస్తోంది. నేను పగలబడి నవ్వాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "యాల నగుతాండావన్నా? బసవన్నను బండిలో పెట్టుకోని భక్తుడు లాగుతాండాడు. దినామూ మొక్కుకోమని మా ఆయనే చెప్పినాడు. పాపకు జొరమొచ్చినప్పుడు ఈడనే కూసోని ఏడ్సినా."

మొదటి నాలుగు బొమ్మల సంగతి చెబితే ఆమెకు దేవుడు లేకుండా పోతాడు. కళ్లు తుడుచుకుని చేతులు జోడించాను.

ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, తిరుగు బస్సులో ఆ నవ్వును ఎవరితో పంచుకోవాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పాత పటాల కోసం వెళ్లేవారికి ఒక్క మాట: అవి చాలా ఇళ్లలో పూజగదిలోనే ఉంటాయి, తలస్నానం చేసి, టిఫిను తినకముందే వెళ్లండి. ఇక తప్పెవరిదంటారా? అన్న తన భాగం తాను తీసుకున్నాడు. ఆమెకు తెలియదు. ఎనిమిదీ చూసి, కడుపుబ్బ నవ్వి, ఆనక దానికి బొట్టు పెట్టించినవాడు రెడ్డెప్ప.